లివ్యాటన్ ఒక్కటే కాదు: పళ్ల తిమింగలాల శిలాజాల గురించి తెలిసినవాళ్లు చెప్పండి

#1 | భీమిలి తీరం
అందరికీ నమస్కారం. మా అబ్బాయి ఏడో తరగతి. ఈమధ్య వాడికి మెగలొడాన్ షార్కూ లివ్యాటన్ తిమింగలమూ కొట్టుకునే వీడియోల పిచ్చి పట్టుకుంది. ఒక వీడియోలో లివ్యాటన్ 30 మీటర్లు అంటారు, ఇంకోదాంట్లో పదే అంటారు. ఏది నిజమో వాడికి చెబుదామంటే నాకూ తెలియదు. అసలు ఈ జంతువు ఎముకలు దొరికాయా? ఎక్కడ, ఎన్ని? ఇప్పటి స్పెర్మ్ వేల్‌కి ఇదే పూర్వీకుడా? వికీపీడియా లింకు ఇచ్చి వెళ్లిపోకండి, చదివినవాళ్లు నాలుగు ముక్కలు రాస్తే సంతోషం.

#2 | ఓరుగల్లు పోరడు
మెగలొడానే గెలుస్తది. థ్రెడ్ బంద్ చేయుండ్రి.

#3 | రాళ్లరప్పలు
భీమిలి గారూ, ఎముకలు దొరికాయి, అందులో అనుమానం లేదు. 2008 నవంబరులో పెరూ దేశపు ఇకా ఎడారిలో, సెర్రో కొలొరాడో అనే చోట పుర్రె బయటపడింది. గుర్తుపట్టింది రాటర్‌డామ్ నేచురల్ హిస్టరీ మ్యూజియంకి చెందిన క్లాస్ పోస్ట్. ఒలివియే లాంబెర్, జొవాన్ని బియానుచ్చి, మరికొందరు కలిసి 2010 జూలైలో నేచర్ పత్రికలో దాన్ని వివరించారు.

పుర్రె పొడవు 3 మీటర్లు. పళ్లలో పెద్దది 36 సెంటీమీటర్లు దాటింది, దాని మందం 12 సెంటీమీటర్లు. ఏనుగు దంతాల్లాంటివి పక్కన పెడితే, కొరకడానికి వాడే పళ్లలో ఇంతకంటే పెద్దవి ఇంతవరకు ఏ జంతువుకీ కనబడలేదు. మొదట లెవయతాన్ అని పేరు పెట్టారు. ఆ పేరును ఎప్పుడో ఏనుగుల చుట్టమైన ఒక మాస్టడాన్‌కి వాడేసి ఉండటంతో కొద్ది వారాల్లోనే లివ్యాటన్‌గా మార్చారు.

కానీ మీ వాడికి ముందు చెప్పాల్సింది ఇది: దొరికింది తల ఒక్కటే. పుర్రె, కింది దవడ, పళ్లు. మెడ నుంచి తోక దాకా ఒక్క ఎముక లేదు. 30 మీటర్లు అని చెప్పేవాళ్లు ఎక్కడి నుంచి తెచ్చారో వాళ్లకే తెలియాలి.

#4 | సందేహపక్షి
తల ఒక్కటే దొరికితే మరి పది మీటర్లని మాత్రం ఎలా అంటారు? ఇదంతా ఊహే కదా.

#5 | రాళ్లరప్పలు
ఊహకీ అంచనాకీ తేడా ఉంది. ఇటలీలో జైగోఫైసిటర్ అని ఇదే తరహా వేట తిమింగలం అస్థిపంజరం దొరికింది. దాని తలకీ ఒంటికీ ఉన్న నిష్పత్తి వేస్తే లివ్యాటన్ 13.5 మీటర్లు వస్తుంది. ఇప్పటి స్పెర్మ్ వేల్ నిష్పత్తి వేస్తే 17.5 దాకా పోతుంది. అందుకే ఆ వ్యాసంలోనే 13.5 నుంచి 17.5 అని రెండు కొసలూ ఇచ్చారు. ఒకే అంకె చెప్పేవాళ్ల కంటే ఇలా రెండు కొసలు చెప్పేవాళ్లనే నేను నమ్ముతాను.

వయసు విషయంలోనూ అంతే. మొదట 1.2 నుంచి 1.3 కోట్ల ఏళ్ల క్రితం అన్నారు. ఆ పొరల్ని మళ్లీ లెక్కగట్టాక 99 లక్షల నుంచి 89 లక్షల ఏళ్ల మధ్య అని తేలింది.

#6 | పళ్లడాక్టరు
వృత్తి రీత్యా ఈ థ్రెడ్‌లోకి రాకుండా ఉండలేకపోయాను. 36 సెంటీమీటర్లు అంటే వేరుతో కలిపి. చిగురు పైకి కనిపించేది అందులో కొంతే, మిగతాదంతా దవడ ఎముకలో దిగి ఉంటుంది. వేరు అంత లోతుగా దిగిందంటే ఆ పన్ను మీద గట్టి ఒత్తిడి పడేదన్నమాట. పుర్రె పక్కన కణతల దగ్గర గుంట ఎంత పెద్దగా ఉందో ఫొటోల్లో చూడండి. నమిలే కండరం కూర్చునే చోటు అది.

ఇప్పటి స్పెర్మ్ వేల్ నోరు తెరిస్తే కింది దవడకే పళ్లు కనిపిస్తాయి. పై దవడలో ఉన్నా చిన్నవి, పనికి రానివి. అది స్క్విడ్‌లను నోట్లోకి పీల్చుకుని మింగుతుంది, కొరికే పని పెద్దగా లేదు. లివ్యాటన్‌కి రెండు దవడల్లోనూ దిట్టమైన పళ్లు. ఒకే కుటుంబంలో ఇంత తేడా నాకు ఆశ్చర్యంగా ఉంది.

#7 | భీమిలి తీరం
డాక్టరు గారూ, చాలా బాగా చెప్పారు. అంటే ఇది స్పెర్మ్ వేల్ తాత కాదా?

#8 | రాళ్లరప్పలు
తాత కాదు. పెద్దనాన్న వరస అనుకోండి. స్పెర్మ్ వేల్ వంశంలో పక్కకి చీలి, సంతానం లేకుండా ఆగిపోయిన కొమ్మ. ఆ కాలంలో ఇలాంటి వేటగాళ్లు చాలా రకాలుండేవి. పెరూలో ఆక్రోఫైసిటర్, జపాన్‌లో బ్రిగ్మోఫైసిటర్, ఇటలీలో ఇందాక చెప్పిన జైగోఫైసిటర్. ఇప్పుడు బతికున్న స్పెర్మ్ వేల్ కుటుంబం ఆ గుంపంతటిలో మిగిలిన, అలవాట్లు మార్చుకున్న శాఖ.

#9 | గోదారిగట్టు
చిన్న ప్రశ్న. తిమింగలాలు మొదట్లో అన్నీ పళ్లున్నవే కదా? మరి పళ్ల తిమింగలాలని వేరే గుంపుగా ఎందుకు చెబుతారు?

#10 | రాళ్లరప్పలు
ఇది చిన్న ప్రశ్న కాదండీ, ఈ సబ్జెక్టుకి ఇదే గుండెకాయ. కాస్త ఓపిగ్గా రాస్తాను.

ఇప్పుడున్న తిమింగలాలు రెండు గుంపులు. నీలి తిమింగలం లాంటివి పళ్లు లేకుండా బలీన్ కుచ్చులతో నీళ్లు వడకట్టి తినేవి. డాల్ఫిన్లు, ఓర్కాలు (కిల్లర్ వేల్‌లు), స్పెర్మ్ వేల్‌లు, ముక్కు తిమింగలాలు రెండో గుంపు, పళ్ల తిమింగలాలంటే ఇవే. రెంటికీ పూర్వీకులు బాసిలోసారిడ్‌లనే పాత తిమింగలాలు, వాటికి పళ్లుండేవి. విడిపోయింది 3.6 కోట్ల ఏళ్ల క్రితం కంటే ముందే.

విడిపోయాక కూడా బలీన్ వైపు వాళ్ల నోట్లో చాలాకాలం పళ్లున్నాయి. 2017లో పెరూ నుంచి వివరించిన మిస్టకోడాన్ 3.64 కోట్ల ఏళ్ల నాటిది, నోటి నిండా పళ్లే, అయినా అది నీలి తిమింగలం వైపు చుట్టం. ఆస్ట్రేలియాలో దొరికిన జాన్‌జుసీటస్ చూస్తే పెద్ద కళ్లు, పొట్టి మూతి, పదునుగా కొరికే పళ్లు. బలీన్ వంశం అంటే ఎవరూ నమ్మరు. అంటార్కిటికా సీమోర్ దీవి నుంచి వచ్చిన లానోసీటస్ కూడా అంతే. కాబట్టి పళ్లు చూసి ఇది ఏ గుంపో తేల్చలేం.

తేల్చేది పుర్రె. రెండో గుంపులో పై దవడ ఎముక వెనక్కి జరిగి, కళ్ల మీదుగా నుదుటి ఎముకను పెంకులు కప్పినట్టు కప్పేస్తుంది. ఆ వెడల్పాటి చోట ముఖ కండరాలు అతుక్కుంటాయి. ఆ కండరాలు ముక్కు దారిలో ఉన్న పెదవుల్లాంటి మడతల్ని, వాటి ముందున్న మెలన్ అనే కొవ్వు ముద్దను కదిలిస్తాయి. శబ్దం పుట్టేది ఆ మడతల్లో, దాన్ని ఒకవైపు గురిచేసేది మెలన్. తిరిగొచ్చిన ప్రతిధ్వని కింది దవడలోని కొవ్వు గుండా చెవికి చేరుతుంది. ఎకోలొకేషన్ అంటే ఇదే. నన్నడిగితే ఈ గుంపు చరిత్ర అంతా తల వెనక్కి జరగడంలోనే ఉంది, పళ్లు ఆ తర్వాత. వీడియోలవాళ్లు పన్ను పట్టుకుని వేలాడుతున్నారు.

#11 | ఓరుగల్లు పోరడు
అన్నా మస్తు చెప్పినవ్. గా జాన్‌జుసీటస్ బొమ్మ చూసిన, కార్టూన్ లెక్క ఉన్నది.

#12 | సందేహపక్షి
కొవ్వు, కండరం, శబ్దం ఇవేవీ రాతిలో మిగలవు. మరి కోట్ల ఏళ్ల క్రితం జంతువు ప్రతిధ్వని విన్నదని ఎలా చెబుతారు? దయచేసి 'శాస్త్రవేత్తలు చెప్పారు' అనకండి.

#13 | చార్లెస్టన్ తెలుగోడు
దీనికి నేను జవాబు చెబుతాను, మా ఊరి ఎముకల విషయం కాబట్టి. నేనుండేది అమెరికాలో సౌత్ కరోలినా రాష్ట్రం చార్లెస్టన్‌లో. ఇక్కడ కాలేజ్ ఆఫ్ చార్లెస్టన్‌లో మేస్ బ్రౌన్ మ్యూజియం ఉంది, ప్రవేశం ఉచితం. చుట్టాలొస్తే బీచ్ తర్వాత వాళ్లని తీసుకెళ్లేది అక్కడికే. ఒక గది నిండా ఈ పళ్ల తిమింగలాలే.

ఈ ఊరి కింద పొరలు సుమారు 2.3 నుంచి 3 కోట్ల ఏళ్ల నాటి సముద్రపు అడుగు. సివిల్ వార్ అయ్యాక ఎరువు కోసం ఇక్కడ ఫాస్ఫేట్ తవ్వకాలు మొదలయ్యాయి, ఎముకలు గుట్టలుగా బయటపడ్డాయి. ఇప్పటికీ నదుల్లో మునిగి వెతికేవాళ్లున్నారు. అలా వెతకడానికి రాష్ట్రం లైసెన్సు ఇస్తుంది.

ఇక సందేహపక్షి గారి ప్రశ్న. 2014లో కోటిలోకారా అనే జంతువును నేచర్‌లో వివరించారు. వయసు దాదాపు 2.8 కోట్ల ఏళ్లు. దాని పుర్రెలో గాలి సంచులు కూర్చునే గుంటలున్నాయి. కుడి ఎడమలు సమంగా లేవు. ఇప్పటి డాల్ఫిన్ తలలోనూ అదే వంకర, శబ్దం పుట్టించే భాగాలు రెండు వైపులా ఒకేలా ఉండవు కాబట్టి. మెత్తని భాగం పోయినా అది కూర్చున్న చోటు ఎముక మీద మిగులుతుంది.

#14 | రాళ్లరప్పలు
చార్లెస్టన్ బ్రదర్ చెప్పింది శబ్దం పుట్టించే వైపు. వినే వైపు సాక్ష్యం 2016లో వచ్చింది. అదీ ఆ రాష్ట్రం నుంచే. ఎకోవెనేటర్ అనే జంతువు, 2.7 కోట్ల ఏళ్లు. దాని చెవి ఎముకను సీటీ స్కాన్ చేశారు. లోపలి చెవిలో నత్తగుల్లలా ఉండే కర్ణావర్తం ఎముకతో చుట్టి ఉంటుంది కాబట్టి దాని ఆకారం చెక్కుచెదరకుండా మిగిలింది. అందులో ఒక పొర ఉంటుంది: ఇరుకుగా బిగుతుగా ఉండే పొర కీచుగొంతు శబ్దాలకి కంపిస్తుంది, వెడల్పుగా వదులుగా ఉండేది గంభీరమైన వాటికి. ఆ పొరను పట్టి ఉంచే ఎముక అంచుల కొలతలు ఎకోవెనేటర్‌లో ఇప్పటి డాల్ఫిన్ల వైపే మొగ్గుతున్నాయి. మనుషులకి వినబడని అతిధ్వనుల్ని అది వినేది.

అంటే కోటిలోకారా పలికేది, ఎకోవెనేటర్ వినేది. రెండూ ఒకే కుటుంబం, జెనోరోఫిడ్‌లు. ఈ గుంపులో చాలా తొందరగా విడిపోయిన కొమ్మ అది. అంత తొందరగా విడిపోయిన కొమ్మలోనే ఆ శక్తి ఉందంటే, అది గుంపు మొదలు దగ్గరే పుట్టి ఉండాలి.

#15 | సందేహపక్షి
సరే, చెవి సంగతి ఒప్పుకుంటున్నాను. కానీ పరిణామం మీద నా అనుమానం అలాగే ఉంది. పదో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలోంచి ఆ భాగం తీసేశారంటే ఏదో కారణం ఉండే ఉంటుంది.

#16 | మోడరేటర్
పాఠ్యపుస్తకాల రాజకీయానికి వేరే విభాగం ఉంది, అక్కడ దున్నేయండి. ఇక్కడ ఎముకల గురించే.

#17 | గోదారిగట్టు
ఎముకల గురించే అడుగుతాను. ఈ కథ మొదలయ్యింది మన ఉపఖండంలోనే అని ఎక్కడో చదివాను. నిజమేనా?

#18 | రాళ్లరప్పలు
నిజం. అప్పట్లో భారత భూఖండం ఆసియాను గుద్దుకుంటోంది. మధ్యలో టెథిస్ సముద్రం లోతు తగ్గి, ఒడ్డు వెంట మడుగులు, ఉప్పుటేరులు. తిమింగలాలు నీళ్లలోకి దిగింది అక్కడే.

పాకిస్తాన్‌లోని కొహాట్ ప్రాంతంలో దొరికిన పాకిసీటస్‌ని ఫిలిప్ గింజరిచ్, డొనాల్డ్ రస్సెల్ 1981లో వివరించారు. దాదాపు 5 కోట్ల ఏళ్లు. నాలుగు కాళ్లు, ముక్కు రంధ్రాలు మూతి చివరే. తర్వాత 1994లో ఆంబులోసీటస్, నడవగలదు, ఈదగలదు. మన కచ్‌లో అశోక్ సాహ్ని, వి.పి. మిశ్రా 1970ల్లోనే హరుడి ప్రాంతపు పొరల్లోంచి పాత తిమింగలాల్ని బయటపెట్టారు. ఆండ్రూసిఫియస్, రెమింగ్టనోసీటస్ వగైరా. వీటి మూతులు సన్నగా పొడుగ్గా ఉంటాయి, కళ్లు చిన్నవి. 2000లో సునీల్ బాజ్‌పాయ్, థెవిసెన్ కలిసి కచ్‌సీటస్‌ని చేర్చారు.

నాకు అన్నిటికంటే నచ్చేది ఇండోహయస్ కథ. ఎ. రంగారావు అనే భారతీయ భూవిజ్ఞాని జమ్మూ కశ్మీర్‌లో రాజౌరి జిల్లా కాలాకోట్ దగ్గర ఎముకలున్న రాళ్లు సేకరించి 1971లో ఈ జంతువుకు పేరు పెట్టారు. పిల్లికంటే కాస్త పెద్ద సైజు, గిట్టలున్న ప్రాణి. ఆయన పోయాక మిగిలిన రాళ్లు చాలాకాలం అలాగే పడున్నాయి. ఆయన భార్య వాటిని అమెరికా శాస్త్రజ్ఞుడు హాన్స్ థెవిసెన్‌కి ఇచ్చారు. ల్యాబులో శుభ్రం చేస్తుండగా ఒక పుర్రె చెవి దగ్గర విరిగింది. విరిగిన చోట చూస్తే చెవి ఎముక లోపలి అంచు మందంగా ఉబ్బి ఉంది. అలాంటి అంచు అంతవరకు తిమింగలాల్లో తప్ప ఎక్కడా చూడలేదు. 2007 డిసెంబరులో నేచర్‌లో వచ్చింది. నేలమీది గిట్ట జంతువుల్లో తిమింగలాలకి అత్యంత దగ్గరి చుట్టం కాలాకోట్ రాళ్లలో ఉందన్నమాట.

#19 | ఓరుగల్లు పోరడు
గిట్టల జంతువు తిమింగలం చుట్టమా? గదెట్ల నమ్మాలె అన్నా?

#20 | రాళ్లరప్పలు
నువ్వు పాయా తింటావా తమ్ముడూ? మేక చీలమండలో ఒక చిన్న ఎముక వస్తుంది, పైనా కిందా రెండు వైపులా గిలక ఆకారంలో నున్నగా ఉంటుంది. ఆవు, పంది, జింక, ఒంటె, నీటిగుర్రం, ఇలా చీలిన గిట్టల గుంపుకి తప్ప ఎవరికీ ఆ రెండు గిలకలుండవు. 2001 సెప్టెంబరులో ఇద్దరు పోటీ పరిశోధకులు ఒకే వారంలో ఆ ఎముకను పాత తిమింగలాల కాళ్లలో చూపించారు. గింజరిచ్ బలూచిస్తాన్ రోడోసీటస్‌లో, థెవిసెన్ పాకిసీటస్ కుటుంబంలో. అంతకు ముందే డీఎన్‌ఏ పని చేసేవాళ్లు బతికున్నవాటిలో తిమింగలానికి దగ్గరి చుట్టం నీటిగుర్రం అంటుంటే ఎముకలవాళ్లు ఒప్పుకునేవారు కాదు. గింజరిచ్ కూడా చాలాకాలం వేరే అభిప్రాయంలోనే ఉన్నాడు. చీలమండ దొరికాక అభిప్రాయం మార్చుకున్నానని తనే రాశాడు. అలాంటి సాక్ష్యం ముందు పంతానికి పోలేదు, అందుకే ఆయనంటే నాకు గౌరవం.

#21 | ఓరుగల్లు పోరడు
రేపు ఆదివారం పాయా తినేటప్పుడు మా ఇంట్ల అందరికి క్లాసు పీకుత.

#22 | పళ్లడాక్టరు
పాత తిమింగలాల పళ్ల గురించి ఒక మాట. బాసిలోసారిడ్‌ల పళ్లు ముందు కోరలు, వెనక రంపపు అంచుల చెంపపళ్లు, రెండేసి వేర్లు. మన నోట్లోలాగే చోటును బట్టి ఆకారం. ఇప్పటి డాల్ఫిన్ నోట్లో మాత్రం అన్నీ ఒకే తరహా మేకులు, ఒక్కో వేరు, కొన్ని రకాల్లో 200 పైచిలుకు. పాలపళ్లు ఊడి మళ్లీ రావడం కూడా లేదు, జీవితాంతం ఒకటే సెట్టు. నమలకుండా పట్టుకుని మింగేవాళ్లకి చెంపపన్ను ఎందుకు?

మధ్య దశ కూడా శిలాజాల్లో ఉంది. స్క్వాలోడాన్ అనే పాత పళ్ల తిమింగలం పళ్లు ముందు మేకులు, వెనక షార్కు పన్నులా ముక్కోణాలు. 1840లో ఫ్రాన్సులో గ్రాటెలూప్ ఆ దవడ ముక్క చూసి సరీసృపం అనుకున్నాడు.

#23 | గోదారిగట్టు
ఆయన ఒక్కడే కాదులెండి. అంతకు ముందు 1834లో అమెరికాలో రిచర్డ్ హార్లన్ లూసియానా వెన్నుపూస చూసి బల్లుల రాజు అనే అర్థంలో బాసిలోసారస్ అన్నాడు. 1839లో ఎముకలు లండన్ తీసుకెళ్తే రిచర్డ్ ఓవెన్ రెండు వేర్ల పళ్లు చూసి క్షీరదం అని తేల్చాడు. పేరు మార్చాలని చూశాడు గానీ ముందు పెట్టిన పేరే నిలిచింది. ఇంకా తమాషా ఏంటంటే 1845లో ఆల్బర్ట్ కోచ్ అనేవాడు అలబామాలో దొరికిన ఈ ఎముకలన్నీ ఒకదాని వెనక ఒకటి గుచ్చి 114 అడుగుల సముద్ర సర్పం అని న్యూయార్క్‌లో టికెట్టు పెట్టి చూపించాడు. జెఫ్రీస్ వైమన్ వచ్చి, ఇది ఒక జంతువు కాదు, సర్పమూ కాదు అని బయటపెట్టాడు. కోచ్ తొణకలేదు, దాన్ని ప్రష్యా రాజుకి అమ్మేశాడు. యూట్యూబ్ లేని రోజుల్లో కూడా వ్యూస్ వచ్చేవి.

#24 | భీమిలి తీరం
ఇది చదివి మా వాడు ఒకటే నవ్వు. ఇప్పుడు వాడి కొత్త ప్రశ్న: పెరూసీటస్ అని ఇంకోటి ఉందట, నీలి తిమింగలం కంటే బరువట. అది కూడా పళ్ల తిమింగలమేనా?

#25 | రాళ్లరప్పలు
కాదు, అది బాసిలోసారిడ్, రెండు గుంపులూ విడిపోక ముందరి వంశం. 2023 ఆగస్టులో ప్రకటించారు. దొరికినవి 13 వెన్నుపూసలు, 4 పక్కటెముకలు, ఒక తుంటి ఎముక. ఎముక చాలా దట్టమైనది, ఒక్కో వెన్నుపూస 100 కిలోలు దాటుతుంది. అక్కడి నుంచి ఒంటి బరువు 85 నుంచి 340 టన్నులు అన్నారు. వార్తాపత్రికలు సహజంగా 340 పట్టుకున్నాయి. 2024లో ర్యోసుకె మొతాని, నిక్ పయెన్సన్ మళ్లీ లెక్కవేసి 60 నుంచి 114 టన్నుల లోపే అన్నారు. నాకు రెండో లెక్కే సబబనిపిస్తోంది. తల, పళ్లు దొరకని జంతువుకి ప్రపంచ రికార్డు ఇవ్వడానికి తొందరేముంది?

బాసిలోసారిడ్‌లు నిజంగా చూడాలంటే ఈజిప్టు వాడీ అల్ హితాన్. ఎడారిలో వందల అస్థిపంజరాలు, 2005లో యునెస్కో జాబితాలో చేరింది. బాసిలోసారస్‌కి వెనక కాళ్లున్నాయని గింజరిచ్ బృందం తేల్చింది అక్కడి ఎముకల్లోనే. 15 మీటర్ల పైబడిన ఒంటికి ఆ కాళ్లు మరీ పొట్టివి, నడవడానికి పనికిరావు, కానీ మోకాలు, చీలమండ, వేళ్లు అన్నీ ఉన్నాయి. సందేహపక్షి గారికి ప్రత్యేకంగా చెబుతున్నాను.

#26 | సందేహపక్షి
చూశాను, చూశాను. వేళ్లు ఉన్నాయి.

#27 | చార్లెస్టన్ తెలుగోడు
మా మ్యూజియం గురించి మిగిలింది చెప్పేస్తాను. అక్కడ హాలులో పెద్దది ఆంకిలోరైజా. దాదాపు 4.8 మీటర్లు, అస్థిపంజరం చాలామటుకు దొరికింది. 1880ల్లోనే ఒక పుర్రె ముక్క దొరికి స్క్వాలోడాన్ ఖాతాలో పడింది, 2020లో గానీ దానికి సొంత పేరు రాలేదు. ముందు పళ్లు దాదాపు అడ్డంగా ముందుకి పొడుచుకొచ్చి ఉంటాయి, వేర్లు బలమైనవి. పెద్ద ఎరను వేటాడేదని రాబర్ట్ బోసెనెకర్ బృందం వాదన. ఓర్కా పని ఓర్కా పుట్టక ముందే చేసిందన్నమాట.

దాని పక్కనే ఇనెర్మోరోస్ట్రమ్. వాండో నదిలో ఒక డైవర్‌కి దొరికిన పుర్రె, జంతువు మొత్తం కలిపి 1.2 మీటర్లు ఉంటుందేమో. పళ్లు లేవు, మూతి చాలా పొట్టి, పీల్చుకుని తినేది. దాదాపు 3 కోట్ల ఏళ్ల క్రితమే! గుంపు మొదలైన కొద్దికాలానికే ఒకడు పళ్లు వదిలేశాడు, ఒకడు రాక్షసి పళ్లు పెంచాడు.

#28 | రాళ్లరప్పలు
ఆంకిలోరైజాలో ఇంకా పెద్ద సంగతి ఒంటి ఎముకల్లో ఉంది. పొట్టి చేతి ఎముక, సన్నబడిన తోక మొదలు, ఇవి ఇప్పటి రెండు గుంపులకీ ఉన్నాయి. కాబట్టి ఉమ్మడి పూర్వీకుడి నుంచి వచ్చాయని అనుకునేవాళ్లం. ఆంకిలోరైజాలో అవి సగం సగమే ఉన్నాయి. అంటే బలీన్ వాళ్లూ పళ్ల వాళ్లూ విడిపోయాక ఎవరికి వాళ్లు విడివిడిగా అదే ఈతకి చేరుకున్నారు. నీళ్లు ఒకటే, లెక్క ఒకటే, జవాబూ ఒకటే వచ్చింది. నన్నడిగితే లివ్యాటన్ పన్ను కంటే ఈ వార్తకే ఎక్కువ వీడియోలు రావాలి.

#29 | భీమిలి తీరం
మళ్లీ లివ్యాటన్ అంటే ఒక సందేహం. స్పెర్మ్ వేల్ తలలో నూనె ఉంటుంది కదా, లోతుకి మునగడానికేమో. మరి పైపైన వేటాడే లివ్యాటన్‌కి కూడా అది ఉందా?

#30 | రాళ్లరప్పలు
పుర్రె పైన లోతైన పళ్లెం లాంటి గుంట ఉంది కాబట్టి ఆ నూనె అవయవం ఉండే ఉండాలి. దాన్ని వివరించినవాళ్లు కూడా ఇదే పట్టుకున్నారు: లోతుకి మునగని, స్క్విడ్ తినని జంతువుకి కూడా అది ఉందంటే, అది కేవలం మునకకోసం పుట్టింది కాదు. ప్రతిధ్వని, ఒకరికొకరు శబ్దంతో బలం చూపించుకోవడం, తలతో ఢీకొట్టడం, ఇలా కొన్ని అవకాశాలు చెప్పారు. ఢీకొట్టడం సంగతి 19వ శతాబ్దపు తిమింగల వేటగాళ్లకి బాగా తెలుసు. 1820లో ఎసెక్స్ అనే ఓడను ఒక స్పెర్మ్ వేల్ తలతో గుద్ది ముంచేసింది.

#31 | గోదారిగట్టు
ఒక విషయం ఎవరూ ఎత్తలేదు, గంగా డాల్ఫిన్. మన జాతీయ జలచరం, 2009 నుంచి. దాని పాత చుట్టాలెవరు?

#32 | రాళ్లరప్పలు
అడిగారు కాబట్టి చెబుతాను, పెరూకే మళ్లీ పోవాలి. ఈసారి ఎడారి కాదు, అమెజాన్ అడవి. నాపో నది ఒడ్డున 2018లో దొరికిన పుర్రెని 2024లో పెబనిస్టా అని వివరించారు. 1.65 కోట్ల ఏళ్లు, పొడవు 3 నుంచి 3.5 మీటర్లు, ఇంతవరకు తెలిసిన నది డాల్ఫిన్లలో అతి పెద్దది. ఇప్పుడు అమెజాన్‌లో ఉన్న గులాబి డాల్ఫిన్‌కి దగ్గరిదేమో అనుకుంటాం. కాదు. బతికున్నవాటిలో దాని దగ్గరి చుట్టం మన గంగా, సింధు నదుల డాల్ఫిన్.

#33 | ఓరుగల్లు పోరడు
పెరూల ఉన్నోనికి పాట్నాల చుట్టమా! మధ్యల సముద్రం ఎట్ల దాటిన్రు?

#34 | రాళ్లరప్పలు
దాటలేదు తమ్ముడూ, సముద్రమే వాళ్ల ఇల్లు. ఈ వంశం ఒకప్పుడు అన్ని సముద్రాల్లోనూ తిరిగింది. అలాస్కాలో 1951లో దొరికి, దశాబ్దాలపాటు అమెరికాలోని స్మిత్‌సోనియన్ మ్యూజియం అల్మరాలో ఉండిపోయిన ఆర్క్టోకారా పుర్రె కూడా ఇదే వంశం, 2.5 కోట్ల ఏళ్లు. అంత ఉత్తరాన. తర్వాత సముద్రంలో ఇప్పటి డాల్ఫిన్ల జోరు పెరిగింది, పాతవాళ్లు పోయారు. నదుల్లోకి ఎక్కినవాళ్లలో మన దగ్గరి వాళ్లు మాత్రం మిగిలారు. అమెజాన్‌లో ఖాళీ అయిన చోట్లోకి తర్వాత గులాబి డాల్ఫిన్ పూర్వీకులు ఎక్కారు. చైనా యాంగ్జీ నదిలో ఉండిన బైజీ డాల్ఫిన్ ఇంకో శాఖ. 2006లో నదంతా గాలించినా ఒక్కటీ కనబడలేదు.

గంగా డాల్ఫిన్ కంటికి లెన్సు లేదు. వెలుతురు, చీకటి తప్ప పెద్దగా కనబడదు. బురద నీళ్లలో పనంతా శబ్దంతోనే. పుర్రె మీద రెండు ఎముక రెక్కలు ముందుకి వంగి మెలన్‌ని కప్పి ఉంటాయి. ఇంకే డాల్ఫిన్‌లోనూ అంత పెద్ద రెక్కలుండవు. పెబనిస్టా కళ్ల పైన కూడా అలాంటి గట్లు లేచి ఉన్నాయి. దాన్ని గుర్తుపట్టింది వాటితోనే.

#35 | పళ్లడాక్టరు
మా మేనల్లుడు భాగల్‌పూర్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడ వీటిని సోంస్ అంటారట. దొరుకుతాయా చూడటానికి?

#36 | గోదారిగట్టు
భాగల్‌పూర్‌లో ఉండి చూడకపోతే ఎలా డాక్టరు గారూ! సుల్తాన్‌గంజ్ నుంచి కహల్‌గావ్ దాకా గంగలో 60 కిలోమీటర్ల మేర విక్రమశిల డాల్ఫిన్ అభయారణ్యం ఉంది, 1991 నుంచి. 2025లో విడుదలైన లెక్క ప్రకారం దేశం మొత్తం మీద నది డాల్ఫిన్లు 6,327. అందులో బియాస్‌లోని సింధు డాల్ఫిన్లు మూడే. మిగతావన్నీ గంగ, బ్రహ్మపుత్ర, వాటి ఉపనదుల్లోనే. ఊపిరికి పైకొచ్చినప్పుడు సన్నటి పొడుగు మూతి ముందు బయటికొస్తుంది, ఒక్క క్షణమే, కాబట్టి ఫోన్ తీసేలోపు మునిగిపోతుంది. ఫొటో సంగతి మరిచిపోయి చూడమనండి.

#37 | భీమిలి తీరం
పాట్నా రైలు ఎంతసేపు పడుతుందని మా వాడు అడుగుతున్నాడు. డాక్టరు గారూ, మీ మేనల్లుడు వెళ్లొచ్చాక పడవ ఎక్కడ ఎక్కాలో ఇక్కడే రాయించండి. దసరా సెలవులకి చూస్తాం.